ముందు పంచాంగము, పిమ్మట పటము

మంచుమలలును ఎడారియు, వానకారడవులును ద్వీపములును ఒక్క సరిహద్దున నిమిడియున్న దేశమునందు, సెలవు దినములను సార్థకపరచుకొనదలచిన కుటుంబము మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఎచ్చటికి పోవుదమనునది గాదు; ఎప్పుడు పోగలమనునది.

ఉత్తర దక్షిణములుగా 3,214 కిలోమీటర్లును తూర్పు పడమరలుగా 2,933 కిలోమీటర్లును విస్తరించి, 32.87 లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో లోకమునందలి దేశములలో ఏడవ స్థానము నాక్రమించియున్న ఈ భారతభూమిలో, కాంచనగంగా శిఖరము సముద్రమట్టమునకు 8,586 మీటర్ల ఎత్తున మంచుతో మెరయుచుండగా, కేరళములోని కుట్టనాటి రైతు సముద్రమట్టమునకు దిగువనున్న మడికి గట్టులు వేసి వరి పండించుకొనుచున్నాడు. మేఘాలయములోని మాసిన్రామున ఏటేట సగటున 11,800 మిల్లీమీటర్లకు పైబడి వాన కురియుచుండగా, లేహ్ పట్టణమునకు సంవత్సరమంతయు కలిపి లభించునది నూరు మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే. 2016 మే మాసమున రాజస్థానములోని ఫలోదీ 51 డిగ్రీల యెండకు మాడిపోయినది, అట్టి మే మాసముననే ఏటేట హిమాలయపు కనుమలలో యంత్రములు మంచుగోడలను తొలచి మూసిన బాటలను తెరచుచుండును. ఇన్ని భూములును ఇన్ని ఆకాశములును ఒక్క దేశమున నుండుట చూడదలచువానికి భాగ్యమే. కాని చూచుటకు చేతనున్న దినములు పదియో పండ్రెండో యైనపుడు ఆ భాగ్యమే చిక్కుముడిగా మారును.

ఆ ముడిని విప్పుటకు మనవారు సామాన్యముగా చేయు ప్రయత్నము విచిత్రమైనది. సెలవులు దగ్గరపడినవనగానే ఇంటిల్లిపాదియు కూర్చుండి, నిరుడు కాశ్మీరము చూచివచ్చిన మేనమామ మాటలను, పొరుగింటివారు సెల్‌ఫోనులో చూపిన ఛాయాచిత్రములను, తెలుగు భోజనముతో కూడిన యాత్రయని పత్రికలలో వెలువడు ప్రకటనలను ముందిడుకొని, ఎవరికి నచ్చిన యూరు వారు చెప్పగా, అన్నిటిని కలిపి వ్రాసికొని దానికి ప్రణాళికయని పేరిడుదురు. ఛాయాచిత్రమున అందముండును గాని తేదీ యుండదు. ఉత్తరాఖండములోని పూలలోయ జూలై, ఆగష్టు మాసములలో వికసించును. మే మాసమున పోయినవారికి దాని ద్వారమే తెరువబడదు, జూన్ 1 వరకు ఆగవలెను. 253 మీటర్ల ఎత్తునుండి నాలుగు పాయలుగా దుముకు జోగ్ జలపాతము వర్షర్తువు సొత్తు. ఏప్రిలులో దానిని వెదకికొని పోయినవారికి కనబడునది సన్నని ధారయు, మిగిలిన మేర నల్లని రాతిగోడయు. స్థలము మారలేదు, కాలము మారినది. విశాలదేశమున విహరించువానికి ఈ రెండును వేరు వేరు వస్తువులు గావు.

మేఘము పోవు దారి

మన దేశపు సంవత్సరమునకు ఇరుసు నైరృతి ఋతుపవనము. అది జూన్ 1 ప్రాంతమున కేరళతీరమును తాకి, తొలి వారముననే ఈశాన్య రాష్ట్రములకు ప్రాకి, పిమ్మట తెలుగునేలను తడిపి, జూన్ చివరకు ఢిల్లీని చేరి, జూలై 8 నాటికి పశ్చిమ రాజస్థానముతో కూడ దేశమంతటిని క్రమ్ముకొనుననియు, సెప్టెంబరు 17 ప్రాంతమున ఆ రాజస్థానపు పడమటి కొననుండియే వెనుదిరుగ మొదలిడి అక్టోబరు నడుమకు సెలవు తీసికొనుననియు వాతావరణ శాఖవారు అనేక సంవత్సరముల పరిశీలనమువలన సగటు తేదీలు నిర్ణయించియున్నారు. నైరృతి తొలగిన వెంటనే ఈశాన్య ఋతుపవనము ప్రవేశించి, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తమిళనాటను, మన నెల్లూరు తీరమునను వర్షించును. బంగాళాఖాతమున తుపానులు విశేషముగా పుట్టునదియు ఆ దినములలోనే.

మేఘసందేశమున కాళిదాస మహాకవి యక్షుని నోట మేఘునకు దారి చెప్పించుచు, రామగిరి మొదలుకొని విదిశను, ఉజ్జయినిని, కురుక్షేత్రమును, కనఖలమును దాటించి అలకాపురి చేర్చినాడు. ఆ దూతను పంపినది ఆషాఢమునందు, అనగా మేఘము తనంత తానే ఉత్తరమునకు సాగిపోవు దినములలోనని గమనించినవారికి ప్రయాణశాస్త్రపు ప్రథమసూత్రము చేజిక్కినట్లే. కాలమే దిక్కునకు నడచుచున్నదో తెలిసికొని, మన దారిని దానితో పొందుపరచుకొనవలెను.

వాన కురియు నాలుగు మాసములును ఇంట కూర్చుండవలసినవని తలచుటయు పొరపాటే. హిమాలయపు ప్రధానశ్రేణికి ఆవలనున్న లడఖ్, స్పితి ప్రాంతములు వర్షచ్ఛాయలో నున్నవగుటచే, దేశమంతయు తడియుచున్న జూలై, ఆగష్టులే వానికి ప్రశస్తమైన కాలము. అయితే అచ్చటికి చేర్చు మనాలి బాట మాత్రము వాన పడు లోయల గుండ పోవును గనుక, కొండచరియలు విరిగి త్రోవ నిలిచిపోవుటకు అవకాశమున్నదని యెరిగి, ఒక దినము అదనముగా చేత నుంచుకొనవలెను. పడమటి కనుమలలో సతారా చెంతనున్న కాస్ పీఠభూమి ఆగష్టు కడపటినుండి అక్టోబరు మొదటి వరకు పూలతో నిండును. కొంకణపు రైలుమార్గము ఆ దినములలో ఆకుపచ్చని కొండల నడుమ, వంతెనల మీదుగా, సొరంగముల గుండ సాగుట చూడదగిన దృశ్యమే. కాని వర్షాకాలమున ఆ మార్గమునకు ప్రత్యేక కాలపట్టిక యున్నది, బండ్లు వేగము తగ్గించుకొని నడచును, వేసవి కాలపట్టికను చూచుకొని వెనుకబండికి టిక్కెట్టు కొన్నవారు మడగాములో మిగిలిపోవుదురు.

మన మూడు సెలవులు

తెలుగు కుటుంబమున బడికి పోవు పిల్లలున్నంతకాలము ప్రయాణములకు ముహూర్తము నిర్ణయించునది బడియే. వేసవి, దసరా, సంక్రాంతి యను ఈ మూడు వేళలలో దేశమే మూల కళకళలాడుచుండునో తెలిసినచో సగము ప్రణాళిక పూర్తియైనట్లు.

వేసవి సెలవులు ఏప్రిలు కడపట మొదలై జూన్ రెండవ వారము వరకు సాగును. దక్కను పీఠభూమియు గంగా మైదానమును మండు ఆ దినములలో మనకు స్ఫురించునది హిమాలయము. కాని ఉత్తరదేశపు జనులందరికిని అదే స్ఫురించుటచే సిమ్లా, మనాలి, నైనితాలు త్రోవలలో వాహనములు గంటల తరబడి నిలిచిపోవుట పరిపాటి. ఆ హిమాచలముననే తీర్థన్ లోయయు, కిన్నౌరును, కుమావూనులో మున్సియారియు అదే చల్లదనమును ఒకింత నెమ్మదితో ఇచ్చును. అక్షయతృతీయ దినములలో తెరచుకొను యమునోత్రి, గంగోత్రి, కేదార, బదరీ క్షేత్రములకు మే మాసమున జనము వెల్లువయై పోవును. అవకాశమున్నవారు వానలు వెడలిన సెప్టెంబరు కడపటను, అక్టోబరునను పోవుట మేలు. వేసవికి మరియొక రహస్యమున్నది: అడవిలో చెలమలెండి, మిగిలిన నీటిగుంటలకు మృగములు చేరకతప్పని కాలమగుటచే, పెద్దపులిని చూడగోరువారికి ఎండ యోర్చుకొన్న ఏప్రిలు, మే మాసములే అనుకూలములు. కన్హా, బాంధవగఢములు దూరమనిపించినను, ఆదిలాబాదు పొరుగుననే చంద్రపూరు జిల్లాలో తాడోబా యున్నది.

దసరా నాటికి వాన కడిగిన ఆకాశము నిర్మలమై, వేసవిలో ధూళిచాటున దాగిన హిమశిఖరములు కౌసానినుండి స్పష్టముగా కానవచ్చును. రాజస్థానమునకు ప్రయాణము సుఖమగునది ఇప్పటినుండియే. అక్టోబరు కడపట కాశ్మీరమున చినారు ఆకులు ఎర్రబారును, పాంపోరు పొలములలో కుంకుమపువ్వు వికసించును. ఉత్సవమే గమ్యమనుకొన్నచో మైసూరు దసరాను, కలకత్తా దుర్గాపూజను అందరు నెరుగుదురు; మన సరిహద్దునకు కూతవేటు దూరమున జగదల్‌పూరులో దంతేశ్వరీదేవికి జరుగు బస్తరు దసరా డెబ్బదియైదు దినముల పండుగయనియు, అదే వేళ చిత్రకోట వద్ద ఇంద్రావతి నిండుగా దుముకుచుండుననియు తెలిసినవారు తక్కువ. విశాఖనుండి అనంతగిరులను దాటి, అరకు మీదుగా కిరందులు పోవు రైలుమార్గమున జగదల్‌పూరు ఉన్నది గనుక ఈ యాత్రకు దారియే సగము వినోదము. ఆ సెలవులలోనే వంగదేశీయులు కుటుంబసమేతముగా దేశసంచారమునకు వెడలుట వారి యాచారము. పూరీకి, డార్జిలింగునకు టిక్కెట్లు దొరకుట దుర్లభము.

సంక్రాంతి సెలవులు కొద్ది దినములే యైనను దేశము వానికి విశాలముగా తెరచియుండును. కచ్ఛమందలి రణ్ భూములను వర్షాకాలమున ముంచిన నీరు ఆవిరియై పోగా మిగిలిన ఉప్పు పేరుకొని చూపుమేర తెల్లని నేలగా మారునది ఈ ఋతువుననే. జైసల్మేరు ఎడారియు, కేరళపు కాయళ్లును, అండమాను ద్వీపములును, ఖడ్గమృగములకు నెలవైన కాజీరంగయు అన్నియు అనుకూలించును. ఇంత దూరము పోలేనివారికి విశాఖనుండి కొద్ది గంటలలో చిలికా సరస్సున్నది. మంగళాజోడి చిత్తడినేలలలో ఆ దినములందు వలసపక్షులు వేలకొలది దిగియుండును. ఒక్క గంగా మైదానమును మాత్రము జనవరిలో తప్పించుకొనవలెను: అచ్చటి పొగమంచువలన రైళ్లు గంటలకొలది ఆలస్యమగును, విమానములు ఎగురకుండ నిలిచిపోవును, ఒక బండి దిగి మరియొక బండి యెక్కవలసిన ప్రణాళికలన్నియు అందు చెదరిపోవును.

దూరమును గంటలలో కొలువుడు

పటముమీద వ్రేలితో కొలుచు దూరము నిజమైన దూరము గాదు. హైదరాబాదునుండి బెజవాడకు 275 కిలోమీటర్ల త్రోవను అయిదు గంటలలో గడచు మనకు, మనాలినుండి లేహ్ వరకు గల సుమారు 430 కిలోమీటర్లకు రెండు దినములు పట్టుననిన నమ్మశక్యము గాదు. గువాహటినుండి తవాంగు చేరుటకును నడుమ ఒక రాత్రి బస తప్పదు. కొండదారిలో గంటకు పాతిక ముప్పది కిలోమీటర్లకు మించి లెక్కించుకొనరాదు. ఆ లెక్కలో భోజనమునకు, పిల్లల వాంతులకు, దారికడ్డమైన గొర్రెలమందకు సైతము చోటుండవలెను. రైలు సంగతి వేరు. దిబ్రూగఢమునుండి కన్యాకుమారికి పోవు వివేక్ ఎక్స్‌ప్రెస్ ఆంధ్రతీరముమీదుగా నాలుగువేల కిలోమీటర్లకు పైబడిన దూరమును మూడు దినములకు మించిన కాలమున గడచుచున్నది; ఆ బండిలో కూర్చున్నవాడు ఈ దేశపు వైశాల్యమును గ్రహించినట్లు మరి యే పుస్తకము చదివినవాడును గ్రహింపలేడు.

సూర్యుని సంగతియు గుర్తుంచుకొనదగినది. దేశమంతటికి ఒక్కటే గడియారము. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడ సమీపముగా పోవుచున్నది. కాని అరుణాచలమున ప్రొద్దు పొడిచిన పిమ్మట కచ్ఛదేశమున పొడుచుటకు సుమారు రెండు గంటలు పట్టును. డిసెంబరు మొదట కోహిమాలో సాయంకాలము నాలుగున్నరకు ముందే ప్రొద్దు గ్రుంకును. అదే దినమున ద్వారకలో ఆరు దాటినను వెలుగుండును. కాఫీ త్రాగి, స్నానములు ముగించి, ఫలహారము చేసి పది గంటలకు బయలుదేరు మన అలవాటు గుజరాతున చెల్లును గాని నాగాలాండున చెల్లదు. ఈశాన్యమున దినము అయిదింటికే ఆరంభింపవలెను.

దూరములు మారుచున్న సంగతియు తెలిసియుండవలెను, ఏలయన పదియేండ్ల క్రిందట పోయివచ్చినవారి సలహా నేడు చెల్లకపోవచ్చును. 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగము 2020 అక్టోబరులో తెరువబడిన పిమ్మట, శీతకాలమంతయు రోహతాంగ్ కనుమ మంచున మూసికొనిపోయి లోకమునకు దూరమైయుండిన లాహౌలు లోయ మనాలికి పొరుగూరైనది. 2024 మార్చిలో ప్రారంభమైన సేలా సొరంగము తవాంగు దారిని సుగమము చేసినది. 2025 జూన్‌లో చీనాబు నదికి 359 మీటర్ల ఎత్తున నిర్మించిన వంతెనమీదుగా కత్రానుండి శ్రీనగరమునకు రైలు నడచుట మొదలైనది. ఆ సంవత్సరముననే ఏప్రిలులో పాంబను కొత్తవంతెన తెరువబడి రామేశ్వరమునకు రైలు తిరిగి చేరుచున్నది.

ఎత్తునకు దేహమిచ్చు ఉత్తరము

తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల మీదను, హార్స్‌లీ కొండలు 1,265 మీటర్ల మీదను, ఉదకమండలము 2,240 మీటర్ల మీదను ఉన్నవి. ఈ యెత్తులకు అలవాటుపడిన మన దేహము ఢిల్లీలో ఉదయము విమానమెక్కి గంటన్నరలో 3,500 మీటర్ల లేహ్‌లో దిగినపుడు, ఊపిరికి అందు ప్రాణవాయువు సముద్రతీరముతో పోల్చిన మూడింట రెండువంతులకు తగ్గిపోవును. తలనొప్పి, వికారము, కళ్లు తిరుగుట, నిద్రపట్టకపోవుట మొదటి గురుతులు. యువకులకు రాదనియు, వ్యాయామము చేయువారికి రాదనియు అనుకొనుట భ్రమ. బలిష్ఠులు సైతము దీనికి లోబడుదురు. దిగిన పిమ్మట కనీసము రెండు దినములు పట్టణమునందే విశ్రమించి, 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించు తావును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచక, మూడు నాలుగు దినములకొకసారి ఆగి సాగవలెనని వైద్యులు చెప్పుదురు. లక్షణములు ముదిరినచో మందుకంటె ముఖ్యమైన చికిత్స క్రిందికి దిగుటయే.

ఈ నియమమును ఎరిగినవారు దారి నిర్ణయించుకొనుటలోనే జాగ్రత్తపడుదురు. శ్రీనగరమునుండి కార్గిలు మీదుగా పోవు త్రోవ మెట్టు మెట్టుగా ఎత్తుకెక్కించును. మనాలి త్రోవయైనచో 5,300 మీటర్లు దాటిన తంగలంగ్ లా కనుమను ఎక్కింపకమానదు. తొలిసారి పోవువారు, పెద్దలతో పోవువారు కాశ్మీరపు దారిన ఎక్కి తిరుగుదారిలో విమానమెక్కుట మంచిది. దిగిన మరునాడే పాంగాంగ్ సరస్సును చూపెదమను పట్టికలను నిస్సంకోచముగా త్రోసిపుచ్చవలెను, ఆ సరస్సు 4,200 మీటర్లకు పైనున్నది.

తాళములు, తాళపుచెవులు

కొన్ని ద్వారములు టిక్కెట్టుతో తెరచుకొనవు. 1873 నాటి బెంగాలు తూర్పు సరిహద్దు నిబంధనకు వారసత్వముగా నేటికిని అరుణాచలము, నాగాలాండు, మిజోరము, మణిపూరు రాష్ట్రములలో ప్రవేశించుటకు ఇతర రాష్ట్రములవారికి ఇన్నర్ లైన్ పర్మిట్టు కావలెను. లక్షద్వీపములకు వేరుగా అనుమతి తీసికొనవలెను. సిక్కిములోని నాథులా కనుమకు, గురుదోంగ్మారు సరస్సునకు పర్మిట్టు లేక పోనీయరు. అమెరికానుండి సెలవునకు వచ్చిన అల్లుడును మనుమలును వెంటనున్న కుటుంబములు మరింత మెలకువతో నుండవలెను, ఏలయన విదేశీ పాసుపోర్టు గలవారికి, ఓసీఐ కార్డున్నను, సరిహద్దు ప్రాంతములలో నియమములు వేరు. తాత నడచినంత తేలికగా మనుమడు నడువజాలడు. జమ్మూ కాశ్మీరమునను లడఖునను ఇతర రాష్ట్రముల ప్రీపెయిడ్ సిమ్ములు పనిచేయవు. పోస్టుపెయిడ్ కలవారొకరైనను బృందములో నుండవలెను.

మూసియుండు దినములును గమనింపవలసినవే. తాజమహలు శుక్రవారము తెరువబడదు. మధ్యభారతపు పులుల అడవులలో లోపలి భాగములను జూలైనుండి సెప్టెంబరు వరకు మూసివేయుదురు. మున్నారు చెంతనున్న ఇరవికుళమున నీలగిరి తారులు ఈనుకాలమగుటచే ఫిబ్రవరి, మార్చి మాసములలో ప్రవేశముండదు. అచ్చట పండ్రెండేండ్లకొకసారి పూయు నీలకురింజి 2018లో పూచినది గనుక తరువాతి పూత 2030లో. చార్‌ధామ యాత్రకు పేరు నమోదు చేయించుకొననిదే పోనీయరు. ఇవి యన్నియు ఇంట కూర్చుండి ఒక సాయంకాలమున తెలిసికొనగల సంగతులు. అచ్చటికి పోయిన పిదప తెలిసినచో ఒక్కొక్కటి ఒక్కొక్క దినమును మ్రింగును.

విడిచిపెట్టు విద్య

కాశికి పోయినవారు తమకు ప్రీతియైన కాయనో పండునో అచ్చట విడిచిరావలెనని మన పెద్దల ఆచారము. కాలము, దూరము, ఎత్తు, అనుమతి యను నాలుగు జల్లెడలను దాటిన పిమ్మట మిగిలిన స్థలములలోనుండి సైతము ప్రీతియైనవి కొన్ని విడిచిపెట్టుటకు మనసు చిక్కబట్టుకొనుటయే ప్రణాళికకు కడపటి మెట్టు, కష్టమైన మెట్టు. ఏడు దినములలో తొమ్మిది పట్టణములు చూపెదమను సంస్థలు చూపునది వాస్తవమునకు బస్సు కిటికీని. అదే పెద్దలు కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయవలెనని కూడ చెప్పిరి. పుణ్యము మాట యెట్లున్నను, తొమ్మిది రాత్రులున్నవానికి ఘట్టములును, సందులును, తెల్లవారుజామున గంగమీది వెలుగును పరిచయమగును, ఆంధ్రాశ్రమపు పంక్తిభోజనమున తోటివారు బంధువులగుదురు.

మదరాసు సుప్రీము కోర్టున దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారముతో బయలుదేరి, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికేగి, తూర్పుతీరముమీదుగా తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీకి మజిలీకి నడుమ దూరమును, త్రోవ బాగోగులును, నీటివసతియు, దొరకు సామగ్రియు, దాటవలసిన నదులును వ్రాసిపెట్టుట చూచినచో, ప్రయాణమునకు వివరమే ప్రాణమని ఆయన ఎంత దృఢముగా నమ్మెనో తేటపడును. ఆయనకు పదునైదు నెలలు దొరకినవి. మనకు పది దినములు దొరకును. అందుచేత మనము పదునైదు నెలల దేశమును పది దినములలో కుదించుటకు పూనుకొనక, పది దినములకు సరిపడు దేశపు ముక్కను ఏరుకొనవలెను.

ఆ ముక్కకు హద్దులు రాష్ట్రపు హద్దులు గానక్కరలేదు; ఒక నదీలోయయో, ఒక తీరరేఖయో, ఒక రైలుమార్గమో యైన చాలును. విశాఖలో బండి యెక్కి చిలికా, భువనేశ్వరము, కోణార్కము, పూరీ చూచివచ్చుట ఒక యాత్ర. భుజ్ పట్టణమును కేంద్రముగా చేసికొని, 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన ధోలావీర హరప్పా నగరమును, తెల్లని రణ్‌ను, మాండవి తీరమును చూచుట మరియొక యాత్ర. రత్నగిరినుండి గోకర్ణము మీదుగా మంగుళూరు వరకు కొంకణతీరము వెంబడి దిగుట ఇంకొకటి. ఏ గుమ్మమున ప్రవేశించితిమో ఆ గుమ్మముననే వెలువడవలెనను నియమమును విడిచి, ఒక కొనన దిగి వేరొక కొనన ఎక్కినచో నడచిన దారినే మరల నడచు దండుగ తప్పును. బసలు రెండు మూడింటికి మించకుండ, ఒక్కొక్కచోట మూడేసి రాత్రులుండునట్లు చూచుకొన్నచో మూటలు కట్టి విప్పు పని తగ్గును. కొండలనుండి దిగి విమానమెక్కవలసిన వారు ఆఖరి రాత్రి మైదానముననే గడుపవలెను.

జీవితమున మరల పోగలమా, పోయినపుడే అన్నియు చూడవలదా యని యడుగువారు కలరు. వారి మాటలో న్యాయము లేకపోలేదు: కేంద్ర ప్రభుత్వోద్యోగికి దేశమున ఎచ్చటికైనను పోవుటకు ఎల్‌టీసీ నాలుగేండ్లకొకసారి లభించును, చిన్న జీతగానికి అదియు లేదు, వృద్ధురాలైన తల్లికి ప్రయాగ, కాశి, గయ మూడును ఒక్క యాత్రలోనే చూడవలెనని యుండును. కాని ఆ మూడు క్షేత్రములును ఒకే మైదానమున, ఒకే ఋతువున చూడదగినవి. తల్లి కోరికలో వివేకమున్నది. ఆ మూడింటికి డార్జిలింగును, ఆగ్రాను, అమృతసరమును తగిలించునది కొడుకు ఆత్రము. అలసటతో చూచినది జ్ఞాపకమున నిలువదు, నిలువనిదానికై వెచ్చించిన ధనము చూడనిదానితో సమానము. విడిచిన చోటు ఎచ్చటికిని పోదు. మరియొక సెలవునకు, మరియొక ఋతువునకు అది గమ్యమై మిగులును.

కావున పాఠకులు ఈ ఆదివారముననే గోడమీది క్యాలెండరును దించి, సెలవు దినములను గుర్తించి, ఆ దినములకు అనువైన ఒక్క ప్రాంతమును ఏరుకొని, అచ్చటి దూరములను గంటలలో వ్రాసికొని, అనుమతులు కావలెనేమో విచారించి, కుటుంబములో మోకాళ్ల నొప్పిగల పెద్దను, ఏడ్చు పసివానిని దృష్టిలో నుంచుకొని, ఒక్క దినమును ఏ పనియు లేకుండ ఖాళీగా విడువవలెనని మనవి. పటమును పరచుట అప్పుడు. రైలు రిజర్వేషను 2024 నవంబరు 1 నుండి 60 దినముల ముందు మాత్రమే లభించుచున్నది. సంక్రాంతికి జనవరి 10న బయలుదేరదలచినవారికి అది నవంబరు 11 ఉదయము ఎనిమిది గంటలకు తెరచుకొనును.